ఆర్చా పక్కటెముక

మా తోటికోడలు షకర్‌మో చేతిలో కత్తి తడబడటం నేను ఒక్కసారే చూశాను.

ఆమె ఖోరోగ్ పట్నంలో పశువైద్యం నేర్చుకుని వచ్చి, మా వఖాన్ లోయలో ఎనిమిది ఊళ్ల పశువులను చూసుకునేది. ఎక్కడైనా జడలబర్రె చచ్చిపడి ఉందని కబురొస్తే కొండెక్కి, మంచులోనే దాని పొట్ట కోసి, "కాలేయంలో పురుగు. మిగతావాటికి మందు పొయ్యండి" అని చెప్పి దిగివచ్చేది. చేతులు కడుక్కుని ఉప్పేసిన పాల టీలో రొట్టె ముంచుకుని తినేది. అంత నిబ్బరం.

మా అత్తగారు గవ్హర్‌కీ ఆమెకీ పొద్దస్తమానం చురకలే. షకర్‌మో భర్త, మా బావగారు నెక్‌ఖదమ్, వేటగాడు. ఆయన బయలుదేరే ముందు అత్తగారు తుపాకీకి ఎండుమూలికల పొగ పట్టించేది. కొండమేకలు పరీల మంద, అంటే కొండ మీది దేవకన్యల మంద అని ఆమె నమ్మకం. వాళ్లని అడిగి ఒకటి తెచ్చుకోవాలి, రెండో దానికి ఆశపడకూడదు.

"అత్తమ్మా, ఆ పరీలు మందకి టీకాలు వేయిస్తారా? లేకపోతే నన్ను పిలవమనండి, వెళ్లొస్తాను" అనేది షకర్‌మో.

"నవ్వవే, నవ్వు. నీ చదువు ఖోరోగ్ దాకానే. వాళ్ల కొండ ఇంకా పైనుంది."

అది యుద్ధం వల్ల దారులు మూసుకుపోయిన చలికాలం. పిండి లారీలు రావడం మానేశాయి. నా భర్త రాజధాని దుషాంబేలో చిక్కుకుపోయాడు, బతికి ఉన్నాడో లేదో తెలియదు. ఇంట్లో పదకొండు మందిమి ఎండు మల్బరీ పళ్లు దంచుకుని ఆ పిండే తింటున్నాం. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. నాకు అదే ఎక్కువ భయం వేసేది.

అలాంటప్పుడు ఒక రోజు పొద్దెక్కాక బావగారు కొండమేకను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. పెద్ద పోతు, మెలిక తిరిగిన కొమ్ములు. పిల్లలు దాని చుట్టూ మూగారు. ఇంటి కప్పు నడుమ ఉన్న వెలుతురు కంత కింద గుడ్డ పరిచి, షకర్‌మో చర్మం ఒలిచి కోత మొదలుపెట్టింది. నేను గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

కుడిపక్క అయిపోయింది. ఎడమపక్క కోస్తుండగా కత్తి దేనికో తగిలి 'టక్'మంది. ఎముకకి తగిలినట్టు లేదు. ఆమె చెయ్యి తడబడింది. మళ్లీ అక్కడే తట్టింది. మళ్లీ అదే చప్పుడు.

"నెక్‌ఖదమ్, దీనికి ముందెప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"నాకేం తెలుసు? నేను ఇవాళే కాల్చాను."

ఆమె మాంసం పక్కకి తీసింది. వరసగా తెల్లటి పక్కటెముకలు. తొమ్మిదోది మాత్రం ఎర్రగా ఉంది. నేనది నెత్తురనుకున్నాను. ఆమె తడిగుడ్డతో తుడిచింది. ఎరుపు పోలేదు. వంగి వాసన చూసింది. నా వైపు తిరిగింది.

"చెల్లీ, నువ్వు చూడు. నా ముక్కు మీద నాకు నమ్మకం పోయింది."

నేనూ వంగి వాసన చూశాను. కొండల్లో పెరిగే ఆర్చా చెట్టు చెక్క. పొయ్యిలో వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుందే, అదే. చెక్కకుండే చారలు కూడా కనిపిస్తున్నాయి.

"ఎవడో గుచ్చి ఉంటాడు" అన్నాడు బావగారు.

"గుచ్చితే పుండు ఉంటుంది, చీము ఉంటుంది." ఆమె ఆ చోట వేలు పెట్టింది. "ఇక్కడ చూడు, పైన పొర కప్పి ఉంది. వెన్నెముక దగ్గర కీలు ఉంది. కింద చెక్క చివర మెత్తటి ఎముక మొలిచింది. దీంతో ఇది ఊపిరి పీల్చిందయ్యా! బతికి, పరిగెత్తింది!"

అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి చూసింది. ఆమె అరవలేదు, తిట్టలేదు. నేల మీద కూలబడి మెల్లగా అంది: "పరీలు తమ మందలోంచే ఒకదాన్ని కోసుకు తింటారు. తిని, ఎముకలన్నీ చర్మంలో పేర్చి చరుస్తారు. అది లేచిపోతుంది. ఒక ఎముక తక్కువైతే ఆర్చా చెక్కతో చేసి పెడతారు. మా నాన్న చెప్పేవాడు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "వాళ్ల విందులో ఎముక దాచిందెవరు?"

బావగారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. 

"మొన్న పొగమంచులో దారి తప్పాను చూడు, ఆకురాలే రోజుల్లో" అన్నాడు భార్యతో. "నీకు జ్వరం. ఒక గుహలో ఆడవాళ్లు మాంసం కాలుస్తున్నారు. కూర్చోమన్నారు. ఒక పక్కటెముక నీకోసం చొక్కాలో దాచుకున్నాను."

"గొర్రెల కాపరులు ఇచ్చారన్నావే!"

"పరీలు పెట్టారంటే నువ్వు నవ్వుతావుగా."

షకర్‌మో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఎముక మీది మాంసం ఆమె తిన్నది. నాకూ ఒక ముక్క తుంచి పెట్టింది. 

"ఆ ఎముక ఏం చేశాను నేను?" అని తనని తానే ప్రశ్నించుకుంది. వెంటనే లేచి, ఖాళీ అయిపోయిన గొర్రెల దొడ్లోకి పరిగెత్తింది. కుక్కకి వేసిందట. దొడ్డి మూల గడ్డకట్టిన పేడ గోళ్లతో తవ్వింది. మేం పార తెచ్చేలోపే వేళ్లు చిట్లిపోయాయి. ఎముక దొరికింది, ఒక కొస కుక్క కొరికేసింది. తెచ్చి, ఆ చెక్క పక్కన పెట్టింది. అదే పొడవు, అదే వంపు. 

"ఈ మాంసం ముట్టుకోవద్దు" అంది అత్తగారు.

షకర్‌మో పిల్లల వైపు చూసింది. 

"తింటాం అత్తమ్మా. ఆకలికి తింటే వాళ్లు మాత్రం ఏమంటారు? కానీ ఎముక ఒక్కటి కూడా పోకూడదు. పగలగొట్టకూడదు. లోపలి మూలుగ కూడా పీల్చకూడదు. ఏ ఎముక ఎక్కడిదో నాకు తెలుసు. అన్నీ తిరిగి ఇచ్చేద్దాం."

ఆమె నోట ఆ మాట విని అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆరు రోజులు తిన్నాం. మూలుగ కోసం చిన్నవాడు గుక్కపట్టి ఏడ్చినా షకర్‌మో ఇవ్వలేదు. వాడి ఏడుపు మళ్లీ వినేసరికి మాత్రం నాకు ప్రాణం లేచొచ్చినట్టైంది. ఏడో రోజు చర్మమూ, కొమ్ములతో సహా తలా, ఎముకలన్నీ మూటలు కట్టుకుని బావగారూ, ఆమే, నేనూ కొండెక్కాం. గుహ ఆయనకి మళ్లీ కనిపించలేదు. దాని ముందు చూసిన ఆర్చా చెట్లు కనిపించాయి. అక్కడే మంచు మీద చర్మం పరిచాం. షకర్‌మో మోకాళ్ల మీద కూర్చుని మెడ నుంచి తోక దాకా ఒక్కో ఎముకా దాని చోటులో పేర్చింది. తొమ్మిదో చోట కొరికిన ఎముక పెట్టింది. ఆర్చా పక్కటెముకను కూడా చర్మంలోనే, ఓ పక్కన ఉంచింది. "ఇదీ మీదే" అంది మెల్లగా. చర్మం మూశాం. కింద ఉన్న కాపరుల రాతిగుడిసెలో తలదాచుకున్నాం.

తెల్లవారాక వెళ్లి చూస్తే చర్మం లేదు. తల లేదు. ఒక్క ఎముక లేదు. ఆర్చా పక్కటెముక ఒక్కటే మంచు మీద పడి ఉంది.

"తోడేళ్లు..." అన్నాను నేను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. తోడేలు జాడ లేదు. మనిషి జాడా లేదు, మాది తప్ప. చర్మం పరిచిన చోటునుంచి గిట్టల గుర్తులు మొదలై పైకి వెళ్లాయి. అక్కడికి వచ్చిన గుర్తులు లేవు, అక్కణ్నుంచి వెళ్లినవే.

బావగారు టోపీ తీసేశాడు. "యా అలీ మదద్" అని అలీ సాయం కోరుకున్నాను, ఎన్నిసార్లన్నానో తెలియదు. షకర్‌మో గిట్టల గుర్తుల పక్కన వేళ్లు పెట్టి కొలిచింది. జాడ వెంట కొండచరియ అంచుదాకా వెళ్లింది. అక్కడ మంచులో చతికిలబడి, వెనకే వెళ్లిన నా చెయ్యి పట్టుకుంది.

"నాలుగు కాళ్ల మీదా బరువు సమానంగా వేసింది చెల్లీ. కుంటడం లేదు" అంది. 

ఆ చెక్కను మేం ముట్టుకోలేదు. బావగారు తుపాకీకి మళ్లీ పొగ పట్టించలేదు, దాన్ని పొరుగూరి బంధువుకి ఇచ్చేశాడు. వసంతంలో పిండి లారీలు వచ్చాయి. వాటిలో ఒకదాని మీద కూర్చుని నా భర్త దిగాడు, చిక్కి సగమై.

షకర్‌మో పని మానలేదు, ఎనిమిది ఊళ్లూ తిరిగింది. అత్తగారితో చురకలూ మళ్లీ మొదలయ్యాయి, పరీల మీద తప్ప. ఎవరి పశువును చూసినా ముందు రెండు పక్కలా తడిమేది. జనం అదేదో కొత్త వైద్యమనుకున్నారు.

ఈ మధ్య పట్నం నుంచి ఒకమ్మాయి పాత కథలు రాసుకోవడానికి వచ్చింది. ఎనిమిది ఊళ్లూ తిరిగిన మనిషని ఊళ్లోవాళ్లు ఆమెను షకర్‌మో దగ్గరికే పంపారు. షకర్‌మో ఆ పిల్లకి టీ పోసి, రొట్టె విరిచి పెట్టింది.

"నాకు కథలేవీ రావమ్మా. నేను పశువుల డాక్టర్ని" అంది.