ఇస్పేటు ఏడు

పలాస బజారులో జీడిపిక్కలు కాల్చే ఘాటు తగిలితే మిగతావాళ్లకు ఆకలి వేస్తుందేమో, నాకు మాత్రం అసూయ పుడుతుంది. అరవైల చివర టెక్కలిలో గుమస్తాగా ఉన్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నాలు మా హెడ్డుగుమస్తా సన్యాసిరావుగారి అరుగు మీద రమ్మీ ఆడేవాళ్లం. పందెం జీడిపిక్కలే. ఫైలు చదవడం, నోటు రాయడం నాకు నేర్పింది ఆయనే. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నాతోపాటే ఉద్యోగంలో చేరిన నిమ్మాడ అప్పలస్వామిని "ఒరే అల్లుడా" అని పిలిచేవారు. నన్ను "గుమస్తాగారూ" అనేవారు. మూడేళ్లూ అంతే. అందరూ దాన్ని మర్యాద అనుకున్నారు. నాకు అది గడప అవతల నిలబెట్టినట్టుండేది.

ఆయనకు సొంత ఊరు బారువ వైపు బదిలీ అయింది. చివరి ఆదివారం, మా ఇద్దరిలో గెలిచినవాడికి తన పేక ఇచ్చేస్తానన్నారు. అంచులు నలిగిన పాత పేక అది. అయినా అది ఎవరి చేతికి వస్తే వాడే ఆయన మనిషని ఆఫీసంతా అనుకుంటుంది.

ముక్కలు పంచారు. నాకు సీక్వెన్సు కలిసే వచ్చింది. మూడు రాజులు, పైన రెండు జోకర్లు. ఇంకొక్క ముక్క పడితే ఆట నాదే. ఇస్పేటు ఎనిమిది పడేశాను. అప్పలస్వామి ఎత్తుకున్నాడు. నా ముక్కలు చూసుకుని మురిసిపోతూ అది పట్టించుకోలేదు. ఇంకో రెండు రౌండ్లు తిరిగాక ఇస్పేటు ఏడు కూడా పడేశాను. వాడు దాన్నీ ఎత్తుకుని షో చెప్పాడు.

"నీకు నవ్వొచ్చీసినప్పుడే అనుకున్నాను బావా, ఇంక నన్ను సూడవని."

సన్యాసిరావుగారు పేకంతా కూడదీసి, అందులోంచి ఇస్పేటు ఏడు లాగి నా చేతిలో పెట్టారు.

"ఒరే, ఇది నీ కాడ ఉంచు. ఎనిమిదెత్తుకున్నోడికి ఏడు ఎవుడేత్తాడురా? మంచి ముక్కలొచ్చినోడు ఎదుటోడి సెయ్యి సూడడు."

ఆయన నన్ను ఒరే అనడం అదే మొదలు, అదే చివర. తక్కిన పేక అప్పలస్వామికి ఇచ్చేశారు.

ఆ పేకతో వాడు ఒక్క ఆటా ఆడలేకపోయాడు. తన పెళ్లినాడు అడిగాడు, రిటైరయ్యాకా అడిగాడు, ఆ ఏడు ఇచ్చెయ్యమని. ఇవ్వలేదు. నాకు ఏ మేలు జరిగినా ముందు ఎదుటివాడు ఏం ఎత్తుకున్నాడో చూస్తాను. ఆ అలవాటు ఆయనదే. ముక్క ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది. మిగతావన్నీ వాడి దగ్గరున్నాయి. అదే మింగుడు పడదు.