పిన్నీసుల గొలుసు, చిటికెనవేలు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ పిన్నీసులత్తయ్య అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. రోజూ రెండు వార్డుల నుంచి బట్టల మూటలతోపాటు రెండు గొలుసులు వస్తాయి. మూటకొక నంబరు బిళ్ల, బిళ్లకొక పిన్నీసు, ప్రతి పిన్నీసుకూ తరవాతి పిన్నీసు తగిలించి ఉంటుంది, చిన్న నంబరు నుంచి పెద్దదాకా. ఆ రెండింటినీ వరస చెడకుండా ఒకే గొలుసు చేస్తేగాని మూటలు కదలవు. కాగితం మీద రాసుకుని చేసే సూపర్‌వైజరు మధ్యాహ్నానికి గాని తేల్చడు. ఈమెకు టీ చల్లారేలోపు అయిపోతుంది.

అంతటి మనిషికీ ఇంట్లో కోడలి చదువు ముందు నోరు పెగలదు. ప్రోగ్రామింగ్ ఉద్యోగానికి ఆ పిల్ల రాసిన రెండు పరీక్షలు పోయాయి, మూడోది రేపే. సాయంత్రం కోడలు లాప్‌టాప్ ఠపీమని మూసేసింది.

"ఇదీ పోతే అన్నీ కట్టిపెట్టి మీతోపాటు లాండ్రీకొచ్చేస్తానత్తయ్యా! నా మొహానికి అంతే." అనేసి నాలుక కరుచుకుంది.

అత్తయ్యకు చురుక్కుమంది. కానీ ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసేసరికి కోపం నిలవలేదు.

"ఏం లెక్కమ్మా అది?"

"వరసలో ఉన్న రెండు లిస్టులు కలపాలి. ప్రతి అంకెకీ దాని తరవాతిది ఎక్కడుందో మాత్రమే తెలుసు. కలుపుతుంటే మధ్యలో మిగతాదంతా మాయమైపోతోంది."

"ఓసి పిచ్చిదానా, ఇదా!" అత్తయ్య పకపకా నవ్వి, సంచిలోంచి పాత గొలుసులు రెండు తీసి మంచం మీద పరిచింది. "రెండు గొలుసుల్లోనూ మొదటి నంబరే చూడు. చిన్నది తీసి కొత్త గొలుసు చివర తగిలించు, మళ్లీ అలాగే చూడు. ఆగాగు! విప్పేముందు దాని వెనకున్న మిగతా గొలుసులో చిటికెనవేలు దూర్చు. కొత్తలో నేనూ నీలాగే విప్పేసి నలభై బిళ్లలు కాలవపాలు చేశా."

"ఒక గొలుసు ముందే అయిపోతే?"

"రెండోదాంట్లో మిగిలింది మిగిలినట్టే తగిలించెయ్. అది ఎలాగూ వరసలోనే ఉందిగా."

పదిసార్లు చేయించింది. పదకొండోసారి అత్తయ్య చెప్పకుండానే కోడలు కలిపేసింది.

మర్నాడు కోడలు పరీక్ష నుంచి నేరుగా లాండ్రీకే వచ్చింది. గొలుసు కలుపుతున్న అత్తయ్యకు నిన్నటి మాట గుర్తొచ్చింది.

"పోయిందా తల్లీ?"

"వచ్చిందత్తయ్యా! అక్కడికక్కడే తీసుకున్నారు. మిగతా లిస్టును పట్టి ఉంచేదానికి ప్రోగ్రాములో ఒక పేరు పెట్టాలి. చిటికెనవేలు అని పెట్టా. ఇదేం పేరని అడిగారు."

"ఏం చెప్పావ్?"

"లాండ్రీలో పనిచేసే మా అత్తయ్య నేర్పిందని."

ఇరవై ఆరేళ్లలో ఆమె పనిని గురించి ఎవరూ ఇంత మంచి మాట అనలేదు. కళ్లు మసకబారి, కొత్తలో తప్ప ఎన్నడూ లేనిది, సగం కలిపిన గొలుసు చేతిలోంచి జారింది. కోడలి చిటికెనవేలు దాన్ని ఠక్కున అందుకుంది.