పంపని కామెంటు

దెయ్యం అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా ఆయన గొర్రెలు కాసేవాడు. ఎండాకాలం మందను తోలుకుని అడవి అంచుకు పోతే నేనూ సద్దిమూట ఎత్తుకుని వెంట పోయేదాన్ని. శ్మశానం పక్క చేలో మందను ఆపి, గొర్రెల మధ్యనే గొంగడి కప్పుకుని పడుకునేవాళ్ళం. నక్క ఊళ వినీ వినీ చెవులు కాయలు కాసినదాన్ని, గాలికి భయపడతానా? ఊళ్ళో ఎవరికైనా పూనకం వస్తే, ముందు దానికి కాస్త అన్నం పెట్టి చూడండి అనేదాన్ని. ఆయన పోయాక కూడా నాకు ఏనాడూ కనబడలేదు. కనబడితే బాగుండు అనుకున్న రోజులున్నాయి. అయినా కనబడలేదు.

ఇదంతా ఎందుకంటే, నేను కథలల్లే మనిషిని కాదని మీకు ముందే తెలియాలి. నేను నోటితో చెబుతుంటే శిరీష రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అంతే నా చదువు.

శిరీష మా ఆడపడుచు కూతురు. మార్కాపురంలో ఇంటి ముందు గదిలోనే చీరల దుకాణం పెట్టుకుంది. గొర్రెలు అమ్మేశాక నేను వచ్చి ఈమె దగ్గరే చేరాను. చీరలకు ఫాల్ కుడతాను.

దుకాణానికి వచ్చేవాళ్ళకంటే ఫోన్‌లో చూసి కొనేవాళ్ళే ఎక్కువ. శిరీష చీర భుజాన వేసుకుని వీడియో తీసి, డబ్బు కట్టి యాడ్ వేస్తుంది. యాడ్ అంటే తెలిసినవాళ్ళకే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా పోతుంది. వాళ్ళు దాని కింద కామెంట్లు పెడతారు. ధర ఎంత అనేవాళ్ళు కొందరు. ఇంకొకడు మా యాడ్ కిందే వాడి ఫోన్ నంబరు పెట్టి, మా దగ్గర ఇంకా తక్కువకే వస్తుంది అంటాడు. మిగతావి బూతులు. చీర అమ్ముకునే ఆడదాన్ని ఎన్ని అనొచ్చో అన్నీ అంటారు. వాటిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే, కొనాలని వచ్చినవాళ్ళు అవి చూసి పారిపోతారు. తీయాలంటే ముందు చదవాలి. శిరీష చదవలేక ఏడ్చేది.

ఒకరోజు నేనే అన్నాను. "ఆ బూతులు నాకియ్యి పాపా. గొర్ల సంతలో మీ మామ పక్కన నిలబడినదాన్ని. నేను వినని తిట్టు వీళ్ళకాడ ఏముంటది?"

"నీకు చదువు రాదు గదత్తా."

"చదివేదాన్ని పెట్టు. ఆ ఫోన్లో ఒకామె మాట్లాడతాది గదా, ఆమెను."

వేలు పెట్టిన ముక్కను పైకి చదివే ఆడగొంతు ఒకటి ఫోన్‌లో ఉంది. ఎంత పచ్చి బూతునైనా వార్తలు చదివినట్టు చదువుతుంది ఆ తల్లి. పువ్వు బొమ్మ పెడితే పువ్వు అంటుంది, నవ్వే మొహం పెడితే నవ్వు మొహం అంటుంది. నేను కుట్టుకుంటూ ఒక్కో కామెంటు మీద వేలు పెట్టి వింటాను. చెడ్డదైతే నొక్కిపట్టి దాచేస్తాను. దాచిన సంగతి రాసినవాడికి తెలియదు. వాడికి కనబడుతూనే ఉంటుంది, లోకానికి కనబడదు. పాడుబావిలోకి అరుచుకున్నట్టు. ఆ ఏర్పాటు చేసిన మారాజు ఎవరో గానీ, వాడి కడుపు చల్లగా ఉండాలి.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని కుట్టుకు కూర్చున్నాను. నెమలికంఠం రంగు, ఎర్ర అంచు చీర యాడ్ నడుస్తోంది. ఏవో బూతులు దాచి, దాని కిందిదాని మీద వేలు పెట్టాను. ఎప్పటి గొంతే, ఎప్పటిలాగే చదివింది.

"పుట్టింటోళ్ళు లేనిదానికి మీద కప్పే చీర ఎవరు తెస్తారక్కా?"

నా సూది ఆగిపోయింది.

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి మీద కప్పాలి. మొగుడు పోయినా అంతే, పుట్టింటి చీర రావాలి. మా ఆయన పోయిన రోజు నాకు తెచ్చే దిక్కు లేదు, మా అన్న అంతకు ముందే పోయాడు. అందరూ చీర ఏదని ఎదురు చూస్తున్నారు. అప్పుడు శిరీష వాళ్ళమ్మ లోపలికి పోయి, తన పెట్టెలోని చీర తెచ్చి, "ఇదిగో, కురిచేడు నుంచి వచ్చింది" అని అందరి ముందూ అబద్ధమాడి నా భుజాల మీద కప్పింది. కురిచేడు నా పుట్టిల్లు. ఆ మహాతల్లి ఇప్పుడు లేదు. ఆ అబద్ధమే ఆ రోజు నన్ను నిలబెట్టింది.

అందుకే ఆ మాట వినగానే, తన శవం మీద కప్పే చీర గురించే అడుగుతోందని, అడిగింది బతకాలనుకునే మనిషి కాదని నాకు అర్థమైంది. శిరీషను కేక వేశాను. మళ్ళీ వేలు పెట్టాను.

"గులాబీ" అంది ఫోను.

ఇంకోసారి పెట్టాను. గులాబీ. శిరీష కళ్ళతో చూసింది. లావణ్య అని పేరు, పక్కన గులాబీ పువ్వు బొమ్మ, అంతే. రాసినదాన్ని తర్వాత మారిస్తే మార్చినట్టు కింద పడుతుందట. అదీ లేదు. నేను దాచినవి కూడా అన్నీ తీసి చదివింది. చీర కప్పడం ఊసే ఎక్కడా లేదు.

"కునుకు పట్టిందేమో అత్తా."

"సూది పట్టుకుని కునికితే గుచ్చుకోదా? చెయ్యి చూడు, రక్తముందా? ఎవరీ పిల్ల?"

శిరీష వెతికింది. ఇంతకు ముందు మా దగ్గర ఒక చీర తెప్పించుకున్న పిల్లే. బేస్తవారిపేట. నంబరు ఉంది. చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మళ్ళీ మళ్ళీ చేసింది. నేను లేచి ఆ నెమలికంఠం చీర సంచిలో పెట్టాను.

"ఏమని పోతాం అత్తా? ఫోను చెప్పిందంటే నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే చీర అమ్మేదానికి వచ్చినామని చెప్పి తిరిగొద్దాం. పద."

బస్టాండులో పూలు, పళ్ళు కొని బస్సెక్కాం. దారిపొడుగునా శిరీష ఫోన్ చేస్తూనే ఉంది. దిగి, అడ్రసు అడుక్కుంటూ ఇల్లు పట్టుకున్నాం. ఆ పిల్ల అత్త వాకిట్లో మేకలకు ఆకురొట్ట వేస్తోంది.

"ఎవరు మీరు?"

"లావణ్య పుట్టింటోళ్ళం" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దానికి పుట్టిల్లేడిది? అమ్మా నాయనా పోయి మట్టయినారు."

"ఇన్నాళ్ళు రాలేకపోతిమి. ఇయ్యాల వచ్చినాం. పిల్లేది?"

"పొద్దున్నుంచి గడియేసుకుని పండింది మహారాణి. నువ్వే లేపుకో."

సంచిలోంచి చీర తీసి పట్టుకుని, తలుపు దగ్గరికి పోయి పిలిచాను. "లావణ్యా, చీర తెచ్చినామమ్మా. తలుపు తియ్యి." లోపల చప్పుడు లేదు. "నీకే తెచ్చినాం తల్లీ. మార్కాపురం నుంచి." శిరీష నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి గడియ కదిలింది.

ఆ పిల్ల మొహం నేను మరిచిపోలేను. నా చేతిలో చీరను చూసి అక్కడే కూలబడింది. "మీకెవరు చెప్పినారు?" అంది.

"నువ్వే అడిగితివి గదమ్మా" అన్నాను. ఏం విన్నానో ఇంకా నేను బయటపెట్టలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

"పంపలేదు నేను. రాసినా, చెరిపేసినా. పువ్వొకటే పెట్టినా" అంటూ, చెరిపేసిన మాటలు తనే చెప్పింది. నేను విన్నవే. చివర 'అక్కా'తో సహా.

గదిలో ఏం చేయబోయిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె అత్తను మాత్రం లోపలికి పోయి చూసి రమ్మన్నాను. చూసి వచ్చి, అరుగు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను విధవను కదా, నా చేత్తో చీర పెట్టకూడదని శిరీషకు అందించాను. లావణ్య తీసుకోలేదు. "నువ్వే ఇయ్యి" అంది నన్ను చూసి. ఇచ్చాను. పుట్టింటికి తీసుకుపోతున్నాం అని చెప్పి అదే బస్సుదారిన వెంట తెచ్చుకున్నాం. డాక్టరుకు చూపించాం. లారీ మీద దూరం పోయిన మొగుడు కబురందుకుని పరిగెత్తుకొచ్చి, మా గడపలో కూర్చుని ఏడ్చాడు. మంచివాడే. బాగైందాకా ఇక్కడే ఉంచి, ఒడిలో పసుపు కుంకుమ పెట్టి పంపాం. ఇప్పుడు పండగకూ పబ్బానికీ వస్తుంది. నాకు కూతుళ్ళు లేరు. ముసలితనంలో ఒక కూతురు ఇలా వచ్చింది.

పంపని మాట నా చెవిన ఎలా పడింది? ఫోన్ల సంగతి తెలిసినవాళ్ళను అడిగాం. కుదరదన్నారు. శిరీష, అది ఆనాడు నాకు చీర కప్పిన తన తల్లి పనే అంటుంది. అవుననడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదనడానికి నోరు రాదు. దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ చేతులు జోడించాలనిపించినప్పుడు ఎటు తిరిగి జోడించాలో తెలియక, ఆ ఫోన్‌కే దండం పెట్టుకుంటాను.

కామెంట్లు ఇప్పటికీ నేనే వింటున్నాను. బూతులు వస్తూనే ఉన్నాయి, దాస్తూనే ఉన్నాను. అప్పుడప్పుడు ఆ గొంతు "గులాబీ" అంటుంది. సూది ఆపి, మళ్ళీ వేలు పెడతాను. మళ్ళీ గులాబీ అనే అంటుంది. సంతోషం తల్లీ, అనుకుని కిందిదానికి పోతాను.