మంచుకొండ మీద దమ్ పెట్టిన చాయ్

ఏడో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నం. ఆ తర్వాత నా చదువంతా ఇరానీ హోటల్ పొయ్యి కాడనే. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తు ఆఫీసుల చాయ్ కాచేది నేనే. మొన్నటి ఎండాకాలం మా టీమోళ్లు హిమాచల్ కొండలెక్కబోతూ, "అన్నా, నీ చాయ్ లేంది మాకు తెల్లారదు" అని నన్నుగూడ తీసుకపోయిన్రు.

కొండ కింద మా మేనేజర్ మేడం అడ్డం పడ్డది. కాకినాడ మనిషి, మర్యాద ఎక్కువ. "పైన ఊపిరాడదండీ. మీరు సంచులు చూసుకుంటూ ఇక్కడే ఉండండి."

"సంచులకు కాళ్లున్నయా మేడం, పారిపోనీకి? పైన నా చాయ్ తాపిస్త. బాగ లేకపోతే ఆ మిషనే పెట్టిచ్చుకోండ్రి."

ఆఫీసుల చాయ్ మిషన్ పెట్టాలని అప్పటికే మాట నడుస్తున్నది. అందరూ నవ్విన్రు. నేను మాత్రం నవ్వలె.

లిఫ్ట్ చెడిపోతే నీళ్ల డబ్బా భుజాన ఏసుకొని పదకొండు అంతస్తులెక్కినోణ్ణి. ఆ పొగరుతోని అందరికన్న ముందు నడిచిన. అర్ధగంటల నాలుక బయటికొచ్చింది. ఇగ ఇరవై అడుగులు ఏసుడు, ఆగి జోకు ఏసుడు. వాళ్లు నవ్వేలోపు నాకు ఊపిరొచ్చేది. ఆ సంగతి ఎవరికీ తెల్వదు.

పైన ఎండల మంచు మెరుస్తున్నది. దారి చూపేటాయన చిన్న గ్యాస్ పొయ్యి ఇచ్చిండు. నీళ్లు చిటికెల మసిలినయ్. చాయ్‌పత్తి ఏసిన. రంగు దిగలె! "ఇంత ఎత్తుల నీళ్లు తొందరగ మసులుతయ్ గని అంత వేడెక్కవు" అన్నడాయన. మేడం ఖాళీ కప్పు పట్టుకొని గిన్నెలకు తొంగిచూసింది.

"గోరువెచ్చని నీళ్లా అన్నా?" అన్నడొక పిల్లగాడు.

"జర ఆగు బిడ్డా."

తినడానికి తెచ్చిన రొట్టెలు నీళ్లల్ల నానబెట్టి, ముద్ద జేసి, మూత అంచు చుట్టూ అద్దిన. మీద బండరాయి పెట్టిన. ఇరానీ హోటళ్లల్ల దమ్ పెట్టే తీరు; ఆవిరి బయటికి పోకుంటే నీళ్లు ఇంక వేడెక్కుతయ్. పొయ్యి సన్నగ జేసి కూసున్న. ఆకలైతున్నదని ఒకరు, రొట్టెలు పాయెనని ఒకరు. నేను మూత ముట్టనియ్యలె.

తీస్తే ఎర్రటి డికాక్షన్! పాలపొడి కలిపి పోసిన. మేడం ఒక గుక్క తాగింది. కప్పు మళ్లీ చాపింది.

"మిషన్ సంగతి ఇంక ఎత్తనండీ" అన్నది రెండో కప్పు అయినంక.

దిగేటప్పుడు నా గిన్నె ఆమెనే మోసింది. నేను అందరి వీపుల మీది సంచులు చూసుకుంటూ వెనక నడిచిన.