మూత తీయని సీసా

ఆదోని పక్క పల్లెలో బొంతలు కుట్టే శివలీల హెచ్‌ఐవీ మాత్రలు మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ఒక్క పూట కూడా తప్పలేదు. రక్తంలో వైరస్ కనబడనంతగా అణిగిపోయింది గానీ, పొద్దున లేస్తే వేళ్లు వాచి సూది పట్టనిచ్చేవి కావు.

తమ్ముడు ఉరుకుందప్ప బెంగళూరు నుంచి చిన్న సీసా తెచ్చాడు. "గంజాయి మొక్క నూనె అక్కా. మత్తు రాదంట. వాపు తీస్తాదంట."

శివలీల మూత తీయలేదు. మాత్రల కోసం ఆసుపత్రికి పోయిన రోజు దాన్ని డాక్టరమ్మ ముందు పెట్టింది.

"ఇన్నేళ్లు నన్ను బతికించినవి ఆ మాత్రలు మేడం. వాటిని అడగకుండా ఇంకోటి ఎట్ల తాగేది?"

డాక్టరమ్మ నవ్వింది. వైరస్ అణిగినా ఒంట్లో వాపు నివురుగప్పిన నిప్పులా ఉంటుందనీ, ఈ నూనె దాన్ని చల్లారుస్తుందో లేదో ఇంకా పరిశోధిస్తున్నారనీ, వేరే మందులతో కలిస్తే కాలేయానికి చేటు కావచ్చనీ చెప్పింది. రక్తపరీక్ష చేయించి, వాపుకు మందు రాసి, వేడినీళ్లలో వేళ్లు ఆడించమంది.

రెండు నెలలకు వేళ్లు మాట విన్నాయి. తమ్ముడి మనవరాలి కోసం శివలీల బొంత మొదలుపెట్టింది. చూడవచ్చిన ఉరుకుందప్ప అడిగాడు: "నా నూనె ఏమాయె అక్కా?"

"అది మంచిదని డాక్టర్లు తేల్చినంక నేనే అడిగి తెప్పించుకుంటా లేప్పా. ఇప్పుడు ఈ కొస పట్టుకో."