ఇంటూ కొడితే వద్దని కాదా?

మొన్న పొద్దున చాయ్ తాగి, దవాఖాన కాగితమేదో ప్రింటు తీద్దామని కంప్యూటరు తెరిచేసరికి తెరంతా నీలంగా మారి, మధ్యలో పెళ్ళిపిలుపంత మర్యాదగా ఒక కబురు ప్రత్యక్షమైంది. మీ కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది, పూర్తిగా ఉచితం అని. కింద రెండు మీటలు, ఒకటి ‘ఇప్పుడే’, రెండోది ‘తర్వాత’. ‘వద్దు’ అనే మీట కోసం కళ్ళజోడు సర్దుకుని మరీ వెతికాను, ఎక్కడా లేదు. పై మూలన చిన్న ఇంటూ గుర్తు మాత్రం ఉంది. నా వేలు అక్కడిదాకా పోయి ఆగిపోయింది. టైపు మిషన్ల మీద వేళ్ళు అరగదీసుకుని, నడి వయసు దాటాక కంప్యూటరు నేర్చుకున్నదాన్ని, మీరు నవ్వుకుంటే నవ్వుకోండి గాని, ఆ ఇంటూను చూస్తే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

తెలంగాణ వచ్చిన రెండేళ్ళకు జరిగిన మాట. నకిరేకల్‌లో బస్టాండుకు దగ్గరగా ఒక మడిగె కిరాయికి తీసుకుని నేనూ మా అక్కా టైపింగ్ షాపు నడిపేవాళ్ళం. పెళ్ళి పత్రికలు, దరఖాస్తులు, దశదిన కర్మల కార్డులు, ఒకటేమిటి, ఊరి మంచీ చెడూ అన్నీ మా వేళ్ళ మీదుగానే పోయేవి. టైపు చేయడం నా పని, తప్పులు దిద్దడం అక్క పని. ఎర్ర పెన్ను పట్టుకుని కూచుందంటే ఒత్తు తప్పినా వదిలేది కాదు, ఇంటూ పడాల్సిందే. ఒకసారి ఒక పెద్దమనిషి పత్రికలో తన పేరు ముందు నాలుగు బిరుదులు రాయించుకుంటే మూడింటికి ఇంటూ కొట్టి, పత్రిక మీద పెళ్ళికొడుకు పేరుకు జాగా లేదని మొహం మీదే చెప్పింది. ఆయన కోపంగా పోయి, సాయంత్రం మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు.

అక్క కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోయేది. మాది మర్రిగూడ దిక్కు పల్లె. అక్కకు ఎనిమిదేళ్ళప్పుడు ఊళ్ళో బోరు వేశారట. లారీ వచ్చిన నాడు కొబ్బరికాయలు కొట్టారట, ఆడవాళ్ళు బిందెలకు పసుపు రాసుకుని వరసగా నిలబడ్డారట. పైసా ఖర్చు లేకుండా నీళ్ళు, అదీ వాకిట్లోకి వచ్చినట్టు. ఫ్లోరైడు ఉన్న ఆ నీళ్ళు తాగి ముందు పళ్ళు పసుపెక్కాయి, తర్వాత ఎముకలు గట్టిపడి వంగిపోయాయి, ముప్ఫై ఏళ్ళు నిండకముందే అక్క మోకాళ్ళు చాస్తే చాచుకునేవి కావు, ముడిస్తే ముడుచుకునేవి కావు. నేను చిన్నప్పటినుంచీ నకిరేకల్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగాను కాబట్టి నా నడుము నిటారుగా ఉంది. అంతకు మించి నేను చేసిన పుణ్యమేమీ లేదు. ఇద్దరం పక్కపక్కన కూచున్నప్పుడల్లా ఆ సంగతి నాకు సిగ్గుగా ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఉచితం అన్న మాట వింటే అక్కకు ఎందుకంత అనుమానమో తెలియాలని. ఆ ఏడే మా కంప్యూటరు తెర మీద, కింది మూలన, చిన్న తెల్ల కిటికీ బొమ్మ ఒకటి కొత్తగా వచ్చి కూచుంది. రోజూ సాయంత్రం ఒక కార్డు తెరుచుకుని, కొత్త సిస్టమ్ ఉచితంగా ఇస్తాం తీసుకోండి అని బతిమాలేది. జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే మా మరిది ఆదివారం వచ్చినప్పుడల్లా అదే పాట. “ముఫత్‌ల ఇస్తుంటె వద్దంటవేంది వదినె? మా దగ్గర అందరు ఎక్కిచ్చుకున్నరు. ఏడాది దాటితే పైసలడుగుతరు” అనేవాడు. అక్క ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ఇచ్చేటోడికి ఏం లాభమో చెప్పు, అప్పుడు తీసుకుంటం అనేది. నాకు మాత్రం లోపల కొంచెం ఆశ ఉండేదని ఒప్పుకోవాలి. మా కంప్యూటరు బోనం ఎత్తుకున్న ముసలవ్వలా నడిచేది, కొత్తది ఎక్కిస్తే పరుగెత్తుతుందని మరిది చెప్పిన మాట చెవిలో మోగుతూ ఉండేది.

కానీ అప్పుడు మా చేతిలో ఒక పెద్ద పని ఉంది. మా పల్లెలో ఇంటింటికీ ఎవరి ఎముకలు ఎట్లా వంగాయో, ఎవరు నడవలేరో, ఎవరికి సాయం అందుతోందో అందడంలేదో, అక్క మనుషులను పిలిపించుకుని అడిగి, నాతో లిస్టు టైపు చేయిస్తోంది. రెండు నెలల పని. పని పూర్తయ్యాక, వచ్చే సోమవారం నల్లగొండకు వెళ్ళి, మంచినీళ్ళ దరఖాస్తుతో కలిపి పెద్ద ఆఫీసులో ఇవ్వాలని మాట. పల్లె నుంచి ఆటోలో నలుగురు రావడానికి కూడా సిద్ధమయ్యారు. అదంతా మా పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ అక్షరాలు ఆ ఒక్కదానికే అర్థమవుతాయి, ఇంకోదాంట్లో తెరిస్తే తెలుగు కాదు, పిచ్చి గీతలు.

అందుకని అక్క తన నుదుటి బొట్టుబిళ్ళ ఒకటి పీకి, తెర మూలన ఆ కిటికీ బొమ్మ మీద అతికించింది. షాపుకు వచ్చినవాళ్ళు తెరకు కూడా బొట్టు పెట్టారా అని నవ్వేవాళ్ళు. సాయంత్రం కార్డు తెరుచుకోగానే మౌసు తన చేతిలోకి తీసుకుని, పై మూలనున్న ఇంటూను తానే నొక్కేది. తప్పుల మీద ఇంటూ కొట్టిన చెయ్యి కదా, ఆ పని చేసినప్పుడు ఆమె మొహంలో ఒక తృప్తి కనిపించేది. వద్దు అని రోజూ చెబుతున్నాం, ఏదో ఒకనాటికి వాళ్ళకే అర్థమవుతుంది అనేది.

ఆ సోమవారానికి ముందటి శుక్రవారం పొద్దున షాపు షట్టరు లేపి చూస్తే కంప్యూటరు తనంతట తానే పని చేసుకుంటోంది. తెర మీద ఒక గుండ్రం తిరుగుతోంది, ఆపకండి అని రాసి ఉంది. మధ్యాహ్నానికి కొత్త సిస్టమ్ తయారు. రంగులు బాగున్నాయి, వేగమూ బాగుంది. తెలుగు సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. లిస్టును ఇంకోదాంట్లో తెరిస్తే మా ఊరి మనుషుల పేర్లన్నీ ఇంగ్లీషు ముక్కలూ చుక్కలూ అయిపోయి ఉన్నాయి. మరిదికి ఫోను చేస్తే, ఆ కార్డు మీద తారీఖు వేసి ఉంటుందని, ఇంటూ కొడితే కార్డు మూసుకుంటుంది గాని తారీఖు పోదని, మీరు ఒప్పుకున్నట్టే లెక్క అని నెమ్మదిగా చెప్పాడు.

అక్క మౌసును దూరంగా నెట్టేసింది. తర్వాత, “ఇంటు గొడితె వద్దని గాదా? గా ముక్క ఒకటో తరగతి పోరగానికి గూడ ఎర్కేనాయె” అంది. తన చేత్తోనే జరిగిందన్నది ఆమె బాధ. ఆశ నాకూ ఉండె అక్కా అని చెప్పి ఆ బాధలో సగం తీసుకోవాల్సింది, తీసుకోలేదు.

శనివారం మరిది సెలవు పెట్టి జడ్చర్ల నుంచి వచ్చాడు. తలదించుకునే కూచుని ఎక్కడెక్కడో వెతికి, నెల దాటకపోతే పాతదానికి వెనక్కి పోయే మీట ఒకటి ఉందని పట్టుకున్నాడు. అది నొక్కి ముగ్గురం తెర ముందు కూచున్నాం. అన్నం కూడా ఎవరికీ గుర్తు రాలేదు. పొద్దు గూకే వేళకు పాత నీలం తెర వచ్చింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, మొదటి వరుసలో మా మేనత్త పేరు దీర్ఘంతో సహా చక్కగా కనబడింది. నేను ఏడ్చేశాను. మరిది చప్పట్లు కొట్టాడు. అక్క మాత్రం తెర వైపు కాక తన కాళ్ళ వైపు చూసుకుంటూ, “మిషన్‌కు ఎనకకు పోయే బటనున్నది గదనే. బోరుకు గూడ గట్లాంటిదొకటి పెట్టి ఉంటె అయిపోతుండె” అంది.

లిస్టు సోమవారం ఇచ్చాం, ముద్ర వేసిన కాగితం తెచ్చుకున్నాం. ఆ కాగితం వల్లో, మరెందువల్లో, కొన్నేళ్ళకు మా పల్లెలో ఇంటింటికీ నల్లా వచ్చింది, కృష్ణా నీళ్ళు వచ్చాయి. చూడాలని అక్కను ఆటోలో తీసుకుపోతే గ్లాసు చేతికిచ్చిన మేనత్తను, ఇదిగూడ ముఫతేనా అని అడిగింది. అందరూ నవ్వారు. అక్క నవ్వకుండా గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, వాసన చూసి, నన్ను ముందు తాగమంది. నేను తాగాక, నా మొహంలోకి కాసేపు చూసి, తర్వాత తాగింది.

అక్క పోయి రెండేళ్ళయింది. షాపు ఎత్తేశాను. ఆ లిస్టూ పాత అక్షరాలూ మరిది ఎక్కించి ఇచ్చిన ఈ ఇంటి కంప్యూటరులో ఉన్నాయి, అప్పుడప్పుడూ తెరిచి చదువుకుంటాను, అందులో చాలామంది ఇప్పుడు లేరు. ఇప్పుడు మరిదికి ఫోను చేస్తే, ముఫత్ అయితే జర సోంచాయించు వదినె, తొందరపడకు అంటున్నాడు, కాలం చూడండి. కొత్తవన్నీ మోసం కావని నల్లా నీళ్ళు చెబుతున్నాయి, కాదనను. కానీ మా ఊరికి బోరు వచ్చిన నాడు కావాలా అని ఎవరూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నారు, ఎంతో మర్యాదగా అడుగుతున్నారు, వద్దు అని చెప్పే జాగా మాత్రం తీసేశారు.

ఇంటూ నొక్కలేదు. బీరువాలో అక్క బొట్టుబిళ్ళల అట్ట ఇంకా ఉంది, ఐదే మిగిలాయి. ఒకటి తీసి ‘ఇప్పుడే’ అన్న మీట మీద అతికించాను.