సాక్ష్యం చెప్పాక ఆపేసిన మందులు

2019 వానాకాలం. అప్పట్లో నేను తాండూరులో టీబీ సూపర్‌వైజర్‌గా పనిచేసేవాణ్ణి. వికారాబాద్ నుంచి పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో తిరిగొచ్చేవాణ్ణి. నా భార్య పోయి ఏడాది దాటింది. ఇంటికి తొందరగా చేరాల్సిన అవసరం లేదు కాబట్టి, మధ్యలో మందులు ఆపేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళే పని ఎక్కువగా నేనే తీసుకునేవాణ్ణి.

టీబీకి ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలను ఇంటెన్సివ్ ఫేజ్ అంటాం. ఒంట్లో ఉన్న క్రిముల్లో ఎక్కువ భాగం అప్పుడే చస్తాయి. తర్వాతి నాలుగు నెలలు కంటిన్యుయేషన్ ఫేజ్, అంటే దాక్కుని మిగిలిపోయిన క్రిముల కోసం మింగే మందు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. రెండు నెలలకే జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, మనిషి కాస్త ఒళ్ళు చేస్తాడు. చాలామంది అప్పుడే ఆపేస్తారు. ఆపేశామని మాత్రం చెప్పరు. గోలీలు మోరీలో, అంటే మురిక్కాలవలో పారేసి ఖాళీ స్ట్రిప్‌లు చూపిస్తారు. వాళ్ళను నేనెప్పుడూ తిట్టలేదు. కూలికి పోవాల్సిన మనిషికి పొద్దున్నే వికారం పుట్టించే గోలీ ఎంత బరువో చూస్తూనే ఉన్నాను.

రూతమ్మ అలాంటిది కాదు. నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేది. ముప్పై దాటిన మనిషి. భర్త యాకోబు ఆటో నడిపేవాడు. ఒక్కతే బిడ్డ, మూడో తరగతి. ఇంటెన్సివ్ ఫేజ్ అయ్యాక తీసిన తెమడ పరీక్ష నెగెటివ్ వచ్చింది. నేను చాలా సంతోషపడ్డాను. తర్వాత కొన్నాళ్ళకు ఆమె ఆస్పత్రిలోని మా గదికి వచ్చి, తెరవని స్ట్రిప్‌లు బల్ల మీద పెట్టింది.

“ఇవి వాపస్ తీస్కోండ్రి సార్. ఎవరికన్న అక్కరొస్తయి.”

“ఎందుకమ్మా? వాంతులైతున్నయా?”

“లేదు సార్, మంచిగున్న. మొన్న ఆదివారం సాక్ష్యం చెప్పిన.”

సాక్ష్యమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చర్చి ఆరాధనలో పాటలయ్యాక, దేవుడు తమకు చేసిన మేలు గురించి చెప్పాలనుకున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఉద్యోగం రావచ్చు, తాగుడు మానవచ్చు, జబ్బు నయం కావచ్చు. అది దేవుడి ముందు, సంఘం ముందు చెప్పే మాట. వెనక్కి తీసుకునే ఆచారం లేదు.

“సాక్ష్యం చెప్పినవ్, మంచిదే. గోలీలెందుకు బంద్ జేసినవ్?” అన్నాను.

“దేవుడు నన్ను బాగుచేసిండని అందరి ముందర చెప్పిన. ఇంటికొచ్చి గోలీ మింగితే నేను చెప్పింది అబద్ధం కాదా సార్?”

“లోపల ఇంక పురుగులున్నయమ్మా. పరీక్షల కనబడ్తలేవు గని ఉన్నయి.”

“అంటే నేను అబద్ధం చెప్పిననా?”

“అబద్ధం గాదు. తెల్వక చెప్పినవ్.”

“మరి ఇప్పుడు తెలిసింది గద. తెలిసినంక దాసిపెట్టుకొని మింగాల్నా?”

“దాయకు. మళ్ళ నిలబడి చెప్పు. మందులు నడుస్తున్నయి, ఇంక పూర్తిగ తగ్గలేదని.”

ఆమె స్ట్రిప్‌లను నా వైపు జరిపింది. “నన్ను జూసి మస్తు మంది ఉపాసముండి ప్రార్థన చేస్తున్నరు సార్. ఇప్పుడు నేను లేదంటే ఆళ్ళ నమ్మకం ఏంగావాలె?”

నా భార్య చివరి నెలల్లో, ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్ళు “నయమైపోయింది, నమ్మక్కా” అనేవాళ్ళు. వాళ్ళ మనసు నొచ్చుకోకుండా తలూపడానికి ఆమె ఎంత అలసిపోయేదో నేను చూశాను. అందుకే రూతమ్మను మూర్ఖురాలు అనలేకపోయాను. మందులిస్తే ఆమె తీసుకోలేదు.

మర్నాడు యాకోబు స్టేషన్ బయట నన్ను ఆటోలో ఎక్కించుకున్నాడు. కొంత దూరం పోయాక పక్కకు ఆపాడు.

“సార్, అది నా మాట ఇంటలేదు. మీ మాటంటే నమ్ముతది. ఇవి టీబీ గోలీలు గావు, బలం గోలీలని ఒక్క ముక్క చెప్పుండ్రి. మింగుతది.”

“అవి మింగితే మూత్రం ఎర్రగొస్తదని మొదటిరోజే నేను చెప్పిన యాకోబూ. ఒక్కరోజుల తెలిసిపోతది.”

“ఇది గొత్త మందు, ఇది గూడ గట్లనే వస్తదని చెప్పుండ్రి. గట్ల చెప్పుడు మీకు రాదా?”

“వస్తది. చెప్పను.”

“ఎందుకు చెప్పరు?”

“ఆమె నన్ను నమ్మి ఆ స్ట్రిప్పులు తెచ్చిచ్చింది. వేరేవాళ్ళైతే మోరీల పడేస్తరు. గసుంటి మనిషికి అబద్ధం చెప్పి మందు మింగియ్యలేను.”

అతను వెనక్కి తిరిగి చూశాడు. “మీరు గూడ చర్చిల మనిషే గద. మీ మనసు మీరు సాఫ్ ఉంచుకుంటున్నరు. నా పెండ్లాం పోతే మీకేం ఫికర్?”

అతని మాటలో న్యాయం లేదనిపించలేదు.

రూతమ్మ అనుమతి అడిగి వాళ్ళ పాస్టరును కలిశాను. రేకుల షెడ్డులో చిన్న సంఘం. ఆయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు.

“మందులు ఆపమని నేను అనలే అన్నా” అన్నాడు.

“మింగమని చెప్పినవా?”

“నన్నెవ్వరు అడగలే.”

“ఇప్పుడు నేనడుగుతున్న.”

ఆయన కుర్చీలు సర్దుతూ ఉండిపోయాడు. ఆమె సాక్ష్యం విని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జబ్బు మనుషులు వస్తున్నారట. చివరికి, “ఆమె చెప్పిన మాటను నేను కాదంటే మంచిగుండదు. ఆమెనే చెప్పాలె” అన్నాడు.

ఆమె చెప్పలేదు. వారం వారం ఇంటికి వెళ్ళాను. మందులు పట్టుకెళ్ళి, పట్టుకొచ్చేవాణ్ణి. వానలు వెనకబట్టేసరికి దగ్గు మళ్ళీ మొదలైంది. దుమ్ము వల్ల అన్నది. తర్వాత తెమడలో రక్తం పడింది. ఈసారి పరీక్షకు తనే వచ్చింది. సీబీనాట్ అనే యంత్రంలో పెడితే క్రిమి ఉందా లేదా అన్నదే కాక, ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నదీ తెలుస్తుంది. లొంగదని వచ్చింది. ఇక ఆరు నెలల మందుతో అయ్యేది కాదు. ఇది ఇంకా పొడవైన వైద్యం. గోలీలు ఎక్కువ, బాధా ఎక్కువ, బతికే అవకాశం తక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“ఆదివారం జర మా చర్చికి రాండ్రి సార్” అని మాత్రం అంది.

వెళ్ళాను. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని తలుపు పక్కన, గాలి వచ్చే చోట కూర్చుంది. పాటలయ్యాక గోడ పట్టుకుని లేచింది.

“నాకు నయం కాలేదు. టీబీ ఉన్నది. మందులు ఆపిన, ఎక్కువైంది. నన్ను జూసి ఎవరన్న మందులు ఆపి ఉంటే మళ్ళ మింగుండ్రి.”

ముందు వరుసలో ఒక ముసలామె వెనక్కి తిరిగింది. “మరి ఆ దినం ఎందుకట్ల చెప్పినవే?”

“ఆ దినం బాగనిపించింది పెద్దమ్మా, చెప్పిన. ఇయ్యాల బాగలేదు, చెప్తున్న.”

పాట ఎత్తుకోవాల్సిన అమ్మాయి తల వంచుకుంది. అప్పుడు పాస్టరు లేచి, “నేను రోజూ పొద్దుగాల షుగర్ గోలీ మింగుత. మీకెవ్వరికీ చెప్పలే” అన్నాడు.

వెనక నుంచి ఎవరో, “మరి మొన్న మా ఇంట్ల మూడు లడ్డూలు తింటివి అయ్యగారూ” అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. రూతమ్మ నవ్విందో లేదో మాస్కులో తెలియలేదు.

ఆ తర్వాత ఆమె ఒక్క గోలీ కూడా వదల్లేదు. ఒళ్ళు సహకరించలేదు. చెవుల్లో హోరు, వాంతులు, పచ్చబడిన కళ్ళు. హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మరుసటి ఎండాకాలం రాకముందే పోయింది.

సమాధి దగ్గర మట్టి వేయడం అయ్యాక యాకోబు నా దగ్గరికి వచ్చాడు. గొడవ పడడానికి రాలేదు. “ఆ దినం మీరు బలం గోలీలని చెప్పి ఉంటే బతికేది గద సార్?” అని అడిగాడు.

చెప్పడానికి మాటలున్నాయి. ఆ క్రిమి మొదటి నుంచీ మొండిదేమో అనవచ్చు. రాళ్ళ దుమ్ముతో ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయి అనవచ్చు. దేవుని చిత్తం అనవచ్చు. అందులో ఏది అన్నా మా ఇద్దరికీ ఆ పూట గడిచేది.

“బతికేదేమో యాకోబూ” అన్నాను.

అతను తలూపి వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్నందుకు చాలా రోజులు నిద్రపట్టలేదు. అబద్ధం ఆడనివాడు సుఖంగా ఉంటాడని ప్రసంగాల్లో విన్నాను. నా అనుభవంలో అలా లేదు. ఆటోలో నేను చేసిన పని సరైనదేనని ఈనాటికీ ఎవరితోనూ వాదించను. సరైనదని నమ్మడం ఒకటి, దాని ఫలితాన్ని మోయడం వేరొకటి. రెండోదాన్ని తప్పించుకోవడానికి మొదటిదాన్ని అడ్డం పెట్టుకోకూడదని మాత్రం ఆ కేసు నేర్పింది.

కొన్ని వారాల తర్వాత యాకోబు బిడ్డను తీసుకుని మా గదికి వచ్చాడు. పాపకు దగ్గు. వాళ్ళ నాయనమ్మ ఏమీ లేదంటోందట, ఆర్ఎంపీ డాక్టరూ ఏమీ లేదన్నాడట. అతనికి ఎవరి మాటా ఎక్కలేదు. పరీక్షలన్నీ చేయించాను. ఫలితాలు వచ్చిన రోజు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పాపకు టీబీ లేదని చెప్పాను.

“లేదా సార్?”

“లేదు.”

మళ్ళీ అడగలేదు. పాపను ఎత్తుకుని, ఆటో వైపు నడిచాడు.